మద్యవ్యసన విముక్తి సమావేశాలు: తగినదాన్ని వెతుక్కోవడం

తాగుడు మానాలనుకునేవారూ, మానేసి నిలదొక్కుకున్నవారూ ఒకచోట చేరి, తమ అనుభవాలు చెప్పుకుంటూ, మందు జోలికి పోకుండా ఒకరికొకరు ఆసరాగా నిలిచే కూటములే మద్యవ్యసన విముక్తి సమావేశాలు. వాడుకలో అందరూ మీటింగ్ అనే అంటారు. అక్కడ డాక్టరు ఉండడు, ఫీజు ఉండదు, హాజరుపట్టీ ఉండదు. నడిపే మనిషి కూడా ఒకప్పుడు తాగి పడిపోయినవాడే. వీటిలో అన్నిటికన్నా విస్తరించింది ఆల్కహాలిక్స్ అనానిమస్, క్లుప్తంగా ఏఏ. దాదాపు 180 దేశాల్లో 1,20,000కు పైగా గ్రూపులు ఉన్నాయని ఆ సంస్థ అంచనా. సభ్యుల పేర్లు రాసుకునే అలవాటు లేదు కాబట్టి మొత్తం సభ్యులెందరో అంచనాకు మించి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఒకే పేరుతో నడిచినా ఈ గ్రూపులన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఒకచోట ప్రార్థన పాలు ఎక్కువ, ఇంకోచోట నవ్వులు ఎక్కువ. ఒకచోట రిటైరైన ఉద్యోగులు, మరోచోట ఆటో డ్రైవర్లు. "ఏఏకి వెళ్లి చూశాను, నాకు పడలేదు" అనేవారిలో చాలామంది చూసింది ఒక గదిని, ఒక సాయంత్రాన్ని. డీఅడిక్షన్ సెంటర్ నుంచి పంపేటప్పుడు "మీటింగులకు వెళ్తూ ఉండండి" అని చెప్పి ఊరుకోవడమూ మామూలే. ఏ మీటింగ్‌కి, ఎన్నాళ్లు, ఎలాంటివాళ్లున్న చోటికి అన్నది చెప్పేవారు తక్కువ. మనిషి నిలబడతాడా లేదా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

మీటింగ్ కన్నా ముందు ఆసుపత్రి

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. ఆపిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది: గోడ మీద లేని పురుగులు కనిపిస్తాయి, ఎక్కడున్నదీ తెలియదు, జ్వరం, గుండెదడ. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. బెంజోడయజెపైన్ మందులు, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో ఈ నాలుగు రోజులూ సురక్షితంగా దాటించడం డాక్టర్ల పని, మీటింగ్ పని కాదు. అనుభవమున్న గ్రూపులు కూడా వణుకుతూ వచ్చిన కొత్తవాణ్ణి ముందు ఆసుపత్రికే తీసుకెళ్తాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగుల తాకిడి ఒక్కసారిగా పెరిగింది. తెలంగాణలో ఇందులో ఇంకో మెలిక ఉంది. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. అది మానినప్పుడు ఒళ్లు వెతుక్కునేది సారాను కాదు, ఆ మత్తుమందును. "నేను మందు తాగను సార్, కల్లే" అని చెప్పేవారు డాక్టరు దగ్గర ఆ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు, డాక్టరూ తీసిపారేయకూడదు.

ఆ నాలుగు రోజులు దాటాక మొదలయ్యేదే పెద్ద కథ. తెలుగునాట తాగుడు ఆపడం చేతకానివాళ్లు నిజానికి తక్కువ. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారిలో కొందరు మాల తీసిన రాత్రే సీసా మూత తీస్తారు. దీన్ని భక్తిలో లోపమని ఎగతాళి చేసేవారున్నారు కానీ, ఆ 41 రోజుల ఏర్పాటును కాస్త గమనించాలి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం పూజ, పక్కన తోటి స్వాములు, అడగడానికి గురుస్వామి, దూరం నుంచే గుర్తుపట్టించే నల్లబట్టలు. పాత జట్టువాడు కూడా ఆ బట్టలు చూసి గ్లాసు చాపడు. నలభైరెండో రోజున ఇదంతా ఒకేసారి పోతుంది. మీటింగులు ఇచ్చేది గడువు తేదీ లేని అలాంటి ఏర్పాటునే.

కేంద్ర సామాజిక న్యాయశాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల మధ్య భారతీయుల్లో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తీసుకుంటున్నారు. వారిలో సుమారు 5.7 కోట్ల మందికి సాయం అవసరం. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక రకమైన చికిత్స పొందామని చెప్పినవారు 38 మందిలో ఒకరు. పైసా ఖర్చులేని మీటింగులకు ఉన్న విలువ ఈ ఆఖరి అంకె దగ్గరే తెలుస్తుంది.

హోటల్ లాబీలో ఒక ఫోన్

తాగేవారు తమకు తామే సంఘం కట్టుకోవడం ఏఏతోనే మొదలు కాలేదు. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టిన వాషింగ్టోనియన్ సంఘం కొద్ది ఏళ్లలోనే లక్షల మందిని చేర్చుకుని, మద్యనిషేధ రాజకీయాల్లో దిగి, అంతే వేగంగా కనుమరుగైంది. ఐరోపాలో 1877లో జెనీవాలో మొదలైన బ్లూ క్రాస్ నేటికీ ఉంది.

ఏఏ కథ బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ మార్కెట్ విశ్లేషకుడిది. 1934 డిసెంబరులో టౌన్స్ ఆసుపత్రిలో చేరినప్పుడు ఆయన తాగుడు మానాడు. తాగుడు చెడ్డబుద్ధి కాదు, జబ్బు అని అక్కడి డాక్టరు విలియం సిల్క్‌వర్త్ ఆయనకు నచ్చజెప్పారు. తర్వాతి కొన్ని నెలలు విల్సన్ ఎందరో తాగుబోతుల వెంటపడి బోధించాడు. ఒక్కరూ మానలేదు, ఆయన మాత్రం తాగకుండా ఉన్నాడు. 1935 మేలో వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ వెళ్తే ఆ పని చెడింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒకవైపు బార్ సందడి, ఇంకోవైపు ఊళ్లోని చర్చిల పేర్ల పట్టిక, ఫోన్. ఆయన ఫోన్ వైపు నడిచి, మాట్లాడడానికి ఒక తాగుబోతు కావాలని చర్చివాళ్లను అడిగాడు. అలా చేతులు మారుతూ మారుతూ హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ ద్వారా డాక్టర్ రాబర్ట్ స్మిత్ అనే సర్జన్ పరిచయమయ్యాడు. పావుగంట మించి కూర్చోనని ముందే షరతు పెట్టి వచ్చిన స్మిత్, ఆ సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టిన మాటలు రాత్రి పదకొండు దాటేవరకు ఆపలేదు. విల్సన్ ఆయనకు ఉపదేశమేమీ చేయలేదు, తన సంగతి చెప్పుకున్నాడు. స్మిత్ కూడా వెంటనే మానలేదు. ఒక వైద్య మహాసభకు వెళ్లి మళ్లీ తాగి పడ్డాడు. తిరిగొచ్చాక ఒక ఆపరేషన్ ఉదయాన, చేతులు వణకకుండా ఉండాలని విల్సనే ఆయనకు ఒక బీరు ఇచ్చాడు. అదే ఆయన తాగిన చివరి బీరు. ఆ తేదీ, 1935 జూన్ 10, ఏఏ పుట్టినరోజుగా చెలామణీలో ఉంది.

1939లో సంస్థ పేరుతోనే వచ్చిన పుస్తకం, సభ్యులు బిగ్ బుక్ అని పిలుచుకునేది, తాగుడు నుంచి బయటపడడానికి సభ్యులు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్ల పద్ధతిని అచ్చులోకి తెచ్చింది. 1941 మార్చిలో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో జాక్ అలెగ్జాండర్ వ్యాసం వచ్చాక రెండు వేలున్న సభ్యుల సంఖ్య ఆ ఏడాది చివరికి ఎనిమిది వేలకు చేరింది. మీటింగ్ వెతుక్కునేవాడికి మెట్ల కన్నా ముందు తెలియాల్సినవి 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో ఆమోదం పొందిన పన్నెండు సంప్రదాయాలు. సభ్యత్వానికి కావాల్సింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. బయటి విరాళాలు తీసుకోరు. బయటి వివాదాల్లో తలదూర్చరు, మద్యనిషేధం మంచిదా చెడ్డదా అన్నదానితో సహా. వాషింగ్టోనియన్లు మునిగిన చోటే ఏఏ తన గట్టు కట్టుకుంది. పత్రికల్లో పేరు, ఫోటో వేసుకోరు.

భారతదేశంలో ఏఏ 1957లో మొదలైంది. దాని జాతీయ కార్యాలయం ముంబై బైకలాలో ఉంది.

గది లోపల

ఎక్కువ మీటింగులు చర్చి ఆవరణలోనో, బడి గదిలోనో, కమ్యూనిటీ హాల్లోనో జరుగుతాయి. అద్దె తక్కువ, సాయంత్రం ఖాళీ. చర్చిలో జరుగుతున్నదని అది క్రైస్తవ కార్యక్రమం అనుకుని గుమ్మంలోంచే వెనుదిరిగేవాళ్లున్నారు. గదికీ మతానికీ సంబంధం లేదు. బడి గదైతే నలభై ఏళ్ల మనిషి మూడో తరగతి బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చోవాల్సి వస్తుంది. ముందు ఒక టేబుల్, రెండు పక్కలా వేలాడే గుడ్డ బ్యానర్లు. ఒకదాని మీద మెట్లు, ఇంకోదాని మీద సంప్రదాయాలు. మూలన టీ ఫ్లాస్కు.

మౌనంతోనో చిన్న ప్రార్థనతోనో మొదలవుతుంది. సంస్థ పరిచయవాక్యం చదువుతారు. తర్వాత ఒక్కొక్కరే పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అంటారు. తక్కినవాళ్లంతా ఆ పేరుతో పలకరిస్తారు. ఇంటిపేరు అడగరు, ఉద్యోగం అడగరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రావడం, సలహా ఇవ్వడం మర్యాద కాదు. కొత్తగా వచ్చినవారికి అన్నిటికన్నా వింతగా ఉండేది ఇదే. మన ఇళ్లలో తాగేవాడి ముందు నోరున్న ప్రతివాడూ సలహాదారే కదా. ఇక్కడ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి లేచి, కూతురి ఫీజు డబ్బుతో క్వార్టర్ కొన్న రోజు గురించి చెబితే ఎవరూ ఛీ అనరు, అయ్యో అనరు. తర్వాతివాడు లేచి తన సంగతి మొదలుపెడతాడు.

చివర్లో ఒక పళ్లెమో సంచో తిరుగుతుంది. పదో ఇరవయ్యో వేస్తారు, లేనివాడు పక్కవాడికి అందిస్తాడు. గది అద్దె, టీ ఖర్చు అందులోంచే. నెల, మూడు నెలలు, ఏడాది తాగకుండా ఉన్నవారికి చిన్న బిళ్ల ఇస్తారు, ఏడాదైతే పుట్టినరోజు చేస్తారు. మీటింగ్ అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకునే ఆ కాసేపటికి నిజానికి గదిలోని గంటన్నరకు ఉన్నంత విలువ ఉంది. ఫోన్ నంబర్లు చేతులు మారేది, "రాత్రి తొమ్మిదింటికి బెల్టు షాపు ముందునుంచి వెళ్లాలి, భయంగా ఉంది" అని చెప్పుకునేది అక్కడే. కొంతకాలానికి కొత్తవాడు పాతవారిలో ఒకరిని స్పాన్సర్‌గా ఎంచుకుంటాడు. స్పాన్సర్ అంటే జామీను కాదు, గురువూ కాదు. మెట్లు ఎలా ఎక్కాలో తాను ఎక్కిన తీరు చెప్పి, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి.

మీటింగుల్లో తెరిచినవి, మూసినవి అని రెండు రకాలు. తెరిచిన మీటింగ్‌కి భార్య, అన్న, వైద్య విద్యార్థి, ఎవరైనా రావచ్చు. మూసినది తాగుడు సమస్య ఉన్నవారికే. మొదటిసారి ఇంట్లోవాళ్లు తోడు రావాలనుకుంటే తెరిచినదాన్నే చూసుకోవాలి, లేకపోతే వాళ్లు బయట మెట్ల మీద కూర్చోవాల్సి వస్తుంది. ఒక వక్త తన కథంతా చెప్పేవి, బిగ్ బుక్ చదివేవి, ఒక్కో మెట్టు మీద మాట్లాడుకునేవి, స్త్రీలకు మాత్రమే అయినవి, ఇలా పద్ధతులు వేరు. కొత్తవారికి ఎక్కువగా నప్పేది అందరూ కాసేపు కాసేపు మాట్లాడే మీటింగ్.

ఏఏ కాని దారులు

పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన పదేపదే వస్తుంది. ఎవరి దేవుడు వారి ఇష్టం అని పక్కనే చెప్పినా, నాస్తికులకూ హేతువాదులకూ అది గొంతు దిగదు. ఏఏ లోపలే దేవుడి మాట లేని గ్రూపులు 1970ల నుంచి ఉన్నాయి. 2011లో టొరంటోలో అలాంటి గ్రూపుల పేర్లను స్థానిక జాబితాలోంచి తీసేయడం, ఏళ్ల తరబడి తగువు నడిచాక 2017లో తిరిగి చేర్చడం ఈ గొడవ ఎంత లోతైనదో చెబుతుంది. నేరస్తులను నిర్బంధంగా ఏఏకి పంపడం మత స్వేచ్ఛకు విరుద్ధమని అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టులు 1990ల నుంచి తీర్పులిచ్చాయి.

బయట వచ్చినవాటిలో ముఖ్యమైనది స్మార్ట్ రికవరీ. 1994 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ పద్ధతుల నుంచి, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ నుంచి తీసుకున్న అభ్యాసాలు దీని సరంజామా. తాగాలన్న కోరిక వచ్చినప్పుడు ఏం చేయాలో కాగితం మీద రాసుకుని లెక్కలు వేయిస్తారు. నేను ఆల్కహాలిక్‌ని అని చెప్పుకోవాల్సిన పని లేదు. శిక్షణ పొందిన నిర్వాహకుడు ఉంటాడు. ఒకరితో ఒకరు చర్చించుకోవచ్చు. ఏఏలో ఎవరూ బదులు చెప్పకపోవడం కొందరికి ఊరట, కొందరికి గోడతో మాట్లాడినట్టు. ఆ రెండో రకం మనుషులకు స్మార్ట్ బాగా కుదురుతుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త జీన్ కర్క్‌పాట్రిక్ 1975లో స్త్రీల కోసం విమెన్ ఫర్ సోబ్రైటీ ప్రారంభించారు. తాగే స్త్రీ అప్పటికే సిగ్గుతో కుంగిపోయి ఉంటుంది, ఆమెకు అహంకారం తగ్గించే పాఠం కన్నా ఆత్మగౌరవం నిలిపే మాట అవసరం అన్నది ఆవిడ వాదం. లైఫ్‌రింగ్ మరో మతరహిత సంస్థ.

మన కుటుంబ వ్యవస్థకు దగ్గరగా ఉండేవి మాత్రం ఇంకో రెండు. 1964లో జాగ్రెబ్‌లో వ్లదిమిర్ హుదోలిన్ అనే మానసిక వైద్యుడు మొదలుపెట్టిన క్లబ్బుల్లో తాగేవారితో పాటు ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుంటారు. తర్వాత ఇటలీలో ఇవి బాగా వ్యాపించాయి. జపాన్‌లో 1963లో జాతీయ సంఘంగా ఏర్పడిన దాన్షుకాయ్‌లో భార్యాభర్తలు కలిసి వస్తారు. పేరు దాచుకోరు. పరువు, కుటుంబం ముడిపడి ఉన్న సమాజంలో గుట్టు కన్నా బహిరంగ ప్రతిజ్ఞే మనిషిని ఎక్కువ కట్టి ఉంచుతుందని వారి అనుభవం. తెలుగు ఊళ్లకు ఈ రెండు నమూనాలూ ఏఏ కన్నా బాగా అతుకుతాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫలితం ఎంత

చాలాకాలం పాటు దీనికి గట్టి జవాబు లేదు. అమెరికాలో 1,726 మందితో జరిగి 1997లో ఫలితాలు వెలువడిన ప్రాజెక్ట్ మ్యాచ్ పరిశోధన, ఏ రకం మనిషికి ఏ చికిత్స నప్పుతుందో తేల్చుదామని మొదలైంది. పన్నెండు మెట్ల వైపు నడిపే కౌన్సెలింగ్, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ప్రేరణ పెంచే చికిత్స మూడూ దాదాపు సమానంగా పనిచేశాయని తేలింది. అనుకున్న జోడింపులు మాత్రం పెద్దగా కుదరలేదు. 2020లో జాన్ కెల్లీ, కీత్ హంఫ్రీస్, మారికా ఫెర్రీ చేసిన కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించింది. ఏడాది పాటు చుక్క ముట్టకుండా ఉన్నవారు పన్నెండు మెట్ల దారిలో 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. కొత్తవాడు ఇందులోంచి తీసుకోవాల్సింది ఏడు శాతం పాయింట్ల తేడాను కాదు. సగం మందికి పైగా ఏడాదిలో ఒకసారైనా జారారన్న సంగతిని. జారడం దారిలో భాగమే, మీటింగ్ పనికిరాదనడానికి రుజువు కాదు. 2018లో స్మార్ట్, లైఫ్‌రింగ్, విమెన్ ఫర్ సోబ్రైటీలను ఏఏతో పోల్చిన అధ్యయనంలోనూ సంస్థ పేరు కన్నా మనిషి అందులో ఎంతగా కలిసిపోయాడన్నదే లెక్కకొచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, రోసమ్మ ముందు నిలిచి, సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ రాజుకున్న ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం ఎత్తేశారు. దుకాణం మూయించడం మీద ఇంత పోరాటం జరిగిన నేలలో, దుకాణం మూసినా చేతులు వణికే మనిషి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న మీద దానిలో పదోవంతు మాట కూడా జరగలేదు. పక్కనే చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో నెలకొల్పిన టీటీ రంగనాథన్ ఫౌండేషన్ ఆసుపత్రి చికిత్సతో ఆగకుండా గ్రామాల్లో శిబిరాలు పెట్టి, కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడింది. బెంగళూరు నిమ్‌హాన్స్ ఈ రంగంలో వైద్యులకు శిక్షణ ఇస్తోంది.

హైదరాబాద్, సికింద్రాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాల్లో ఏఏ గ్రూపులు నడుస్తున్నాయి. నగరం దాటితే పలచబడతాయి. ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది భాష. హైదరాబాద్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కలగలిసి వినిపిస్తాయి. ఇంగ్లిష్ అర్థమయ్యే మనిషి కూడా తన సిగ్గును ఇంగ్లిష్‌లో చెప్పలేడు. తల్లిభాషలో నోరు పెగిలే చోటుకే వెళ్లాలి, రెండు బస్సులు మారాల్సి వచ్చినా సరే.

రెండోది గుట్టు. చిన్న ఊళ్లో బడి మాస్టారు మీటింగ్‌కి వెళ్తే మర్నాటికి ఊరంతా తెలుస్తుంది. అందుకని చాలామంది పక్క పట్నంలో మీటింగ్ చూసుకుంటారు. ఇది పిరికితనం కాదు, తెలివైన ఏర్పాటు. అయితే పక్క పట్నానికి వారానికి మూడుసార్లు వెళ్లగలమా అన్నది ముందే లెక్క చూసుకోవాలి. బస్సు దొరకని రోజే తాగాలనిపిస్తుంది. స్త్రీలకు ఈ చిక్కు రెట్టింపు. పాతికమంది మగవాళ్లున్న గదిలోకి ఒక ఆడమనిషి ఒంటరిగా వెళ్లి నేను తాగుతానని చెప్పడం మన దగ్గర తేలిక కాదు. స్త్రీల గ్రూపు దొరక్కపోతే ఆన్‌లైన్‌లో వెతకడం మేలు. మామూలు గ్రూపుకే వెళ్తే స్పాన్సర్‌గా స్త్రీనే ఎంచుకోవాలన్నది ఏఏలో పాత ఆనవాయితీ. కొత్తగా వచ్చిన, దిక్కుతోచని మనిషిని లొంగదీసుకునేవారు ఎక్కడైనా ఉంటారు.

కనీసం ఐదారు మీటింగులు, వీలైతే రెండు మూడు వేర్వేరు గ్రూపుల్లో, చూశాకే నప్పిందా లేదా అని తేల్చుకోవాలి. మొదటి మూడు నెలలు రోజుకొకటి చొప్పున తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అన్నది ఏఏలో వాడుక మాట. మన పట్నాల్లో రోజూ మీటింగ్ దొరకదు కాబట్టి దాన్ని అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. గ్రూపును చూసేటప్పుడు వక్త వాగ్ధాటిని చూడకూడదు. ఐదేళ్లు పదేళ్లు తాగకుండా ఉన్నవారు ఎందరున్నారు, మళ్లీ తాగి వచ్చినవాణ్ణి ఎలా పలకరించారు, కొత్తవాడికి ఎవరైనా నంబర్ ఇచ్చారా అని చూడాలి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు కోరికను తగ్గిస్తాయి. మానసిక జబ్బులకు మందులు వాడేవారూ ఉంటారు. "ఆ బిళ్లలు కూడా మత్తే, ఆపెయ్" అనే గ్రూపు నుంచి లేచి రావాలి. సభ్యులు వైద్యం చేయకూడదని ఏఏ సాహిత్యమే చెబుతోంది. వేలకు వేలు అడిగేది, బలవంతంగా ఎత్తుకెళ్లి తాళం వేసి ఉంచేది మీటింగ్ కాదు. అలాంటి కేంద్రాలకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వర్తిస్తుంది, మనిషిని గొలుసులతో కట్టడం ఆ చట్టం కింద నిషిద్ధం.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం.

ఇంట్లోవారికి

బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మరొకరితో కలిసి అల్-అనాన్ ప్రారంభించారు. తాగేవారి భార్యలు, తల్లులు, పిల్లలు తమ కోసం కూర్చునే మీటింగ్ ఇది. తాగుడు మాన్పించే చిట్కాలు అక్కడ దొరకవు. అతని తాగుడు నీ వల్ల రాలేదు, నువ్వు ఆపలేవు, నువ్వు నయం చేయలేవు అన్న మాటను జీర్ణించుకోవడం దగ్గర మొదలవుతుంది. "నువ్వు సరిగ్గా చూసుకుంటే వాడెందుకు తాగుతాడమ్మా" అన్న అత్తగారి మాట వినీ వినీ విసిగిన కోడలికి ఆ మూడు ముక్కల విలువ చెప్పనక్కర్లేదు. యువతకు, పిల్లలకు 1957 నుంచి అలటీన్ ఉంది.

బస్టాండు గోడల మీద "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించబడును" అన్న పోస్టర్లు చూడని తెలుగువారుండరు. పప్పులోనో మజ్జిగలోనో కలపమని ఇచ్చే పొడిలో ఏముందో ఇచ్చేవాడికే తెలియాలి. డైసల్ఫిరాం అనే అసలు మందు డాక్టర్లు రాసేదే. అది వేసుకున్నాక తాగితే మొహం ఎర్రబడి, గుండె అదిరి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆ భయంతో తాగకుండా ఉండడానికి, తెలిసి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు అది. తెలియకుండా కలిపి పెడితే మనిషి వైన్ షాపు దగ్గరే కుప్పకూలవచ్చు. బతికి బయటపడినా ఆ ఇంటి అన్నం మీద నమ్మకం పోతుంది.

దగ్గర్లో మీటింగ్ లేకపోతే

2020 నుంచి వేల మీటింగులు జూమ్‌లోకి వచ్చాయి, ఎన్నో అక్కడే ఉండిపోయాయి. గల్ఫ్‌లో ఉన్నవారికి, రాత్రి షిఫ్టులవారికి, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్ల కంటపడకూడదనుకునేవారికి ఇది పెద్ద వెసులుబాటు. కెమెరా ఆపుకుని, పేరు మార్చుకుని, మొదటి కొన్ని సార్లు వినొచ్చు. ఎప్పటికీ కెమెరా ఆపుకుని వినడమే అయితే అది రేడియో విన్నట్టే. టీ కప్పు కడిగే పని, కుర్చీలు సర్దే పని ఆన్‌లైన్‌లో ఉండవు. మనిషిని గ్రూపుకు కట్టి ఉంచేవి అవే అని పాతవారంతా చెబుతారు. అందుకని వారానికి ఒకటైనా ముఖాముఖి మీటింగ్, తక్కినవి ఫోన్‌లో అన్నది పనికొచ్చే పద్ధతి.

ఊళ్లో అసలు గ్రూపే లేకపోతే మొదలుపెట్టవచ్చు. తాగుడు మానడానికి ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే, మరే సంస్థకూ అనుబంధం కానంతవరకు, అది ఏఏ గ్రూపే అని మూడో సంప్రదాయం చెబుతోంది. అనుమతి అక్కర్లేదు. జాతీయ కార్యాలయానికి రాస్తే పుస్తకాలు పంపుతారు, జాబితాలో పేరు చేరుస్తారు. కావాల్సింది వారంలో ఒక రోజు, మారని ఒక వేళ, తాళంచెవి ఇచ్చే ఒక హెడ్‌మాస్టరో పాస్టరో పంచాయతీ గుమస్తానో. దగ్గర్లోని డీఅడిక్షన్ సెంటర్ డాక్టరుకు ఆ రోజు, ఆ వేళ రాసి ఇచ్చి, డిశ్చార్జి అయ్యేవారికి చెప్పమని అడగాలి. మొదటి కొన్ని నెలలు ఎక్కువ వారాలు ఒక్కరో ఇద్దరో వస్తారు. ఎవరూ రాని వారం కూడా చెప్పిన వేళకు తలుపు తీసి గంట సేపు కూర్చోవాలి. ఎప్పుడు వెళ్లినా తెరిచే ఉంటుందన్న నమ్మకం ఊళ్లో పడ్డాకే మూడో మనిషి వస్తాడు.